గంజి తాపిన ఫోటో

కృప రెండో రొట్టె తడుతుండగా పక్కింటి ఇందు ఫోన్ పట్టుకుని వాకిట్లోకి వచ్చింది.

"కృపక్కా, మీ చెల్లెలు పెట్టిన ఫోటో సూసినావా? మీ అమ్మ ఎంత కళగా ఉండాదో! పెండ్లికూతురు మాదిరి!"

పిండి చేతులు కొంగుకు తుడుచుకుని కృప ఫోన్ అందుకుంది. ఆదోనిలో హేమ ఇంటి సోఫా మీద అమ్మ కూర్చుంది. ఆకుపచ్చ పట్టుచీర, నున్నగా దువ్విన తల. హేమ అమ్మ భుజానికి గడ్డం ఆనించి నవ్వుతోంది. "అమ్మే నా లోకం, అమ్మ సేవే నా సంతోషం" అని కింద రాసింది. రెండు వందల పద్నాలుగు లైకులు. తమ ఎమ్మిగనూరు చర్చి పాస్టరమ్మ కూడా రాసింది: "ఇలాంటి కూతుర్ని కన్న తల్లి ధన్యురాలు."

సేవ అన్న మాట దగ్గరే కృప చూపు ఆగిపోయింది. పెనం మీద రొట్టె మాడిన వాసన వచ్చేదాకా ఆమెకు ధ్యాస లేదు.

నాయన యేసేపు పోయి ఆరేళ్ళు. ఆ ఆరేళ్ళూ అమ్మ సుగుణమ్మ ఉన్నది కృప ఇంట్లోనే. మొన్న వానల్లో డెంగీ జ్వరం వస్తే పెద్దాసుపత్రిలో పంతొమ్మిది రోజులు మంచం పక్కన చాప పరుచుకుని పడుకున్నది కృప. ఒళ్ళు తుడిచింది, బట్టలు మార్చింది, గంజి తాపింది. హేమ ఒక్కసారి వచ్చింది. పదకొండు గంటల బస్సుకు దిగి, ద్రాక్షపండ్లు ఇచ్చి, నాలుగు గంటల బస్సుకు ఎక్కేసింది. ఇప్పుడు కొడుకు పుట్టినరోజని అమ్మను రెండు రోజులు ఇంటికి పిలిపించుకుంటే అది సేవ అయింది! నిన్న సాయంత్రం తిరిగొచ్చిన అమ్మ ఈ తెల్లారి మళ్ళీ పత్తి తీసే కూలికి పోయింది కూడా.

"ఏమి అట్ల గుడ్లురుముతాండావు ఫోన్ను?" అన్నాడు భర్త అనిల్, ఆటో తాళం వెతుక్కుంటూ.

"చూడు, మా చెల్లెలు అమ్మకు సేవ చేస్తాందంట."

"చెయ్యనీలే. మీ అమ్మ బాగుండాది కదా ఫోటోలో. నీకేమి నొప్పి?"

"నాకేం నొప్పి? నాకేం లేదు!" అని గిన్నె ఎత్తి కుదేసింది.

నొప్పి ఉంది. అది నిన్నటిదీ కాదు. హేమను ఎత్తుకోవడానికి మనిషి కావాలని కృపను ఏడో తరగతితో బడి మాన్పించారు. ఎత్తుకుని పెంచిన చెల్లెలే చర్చిలో వాక్యాలు అప్పజెప్పి చప్పట్లు కొట్టించుకునేది. కృప అప్పుడు చివరి వరుసలో చెల్లెలి చెప్పులు పట్టుకుని కూర్చునేది. చప్పట్లన్నీ ఎప్పుడూ ఆ పక్కకే పోతాయి.

పిల్లలు బడికి పోయాక కృప తన ఫోన్లో పాత ఫోటోలు తీసింది. ఆసుపత్రిలో పక్క మంచం ఆమె తీసిన ఫోటో కనబడింది. అమ్మ మంచం మీద గోడకు ఆనుకుని ఉంది. చేతికి సెలైన్ సూది, లోపలికి పోయిన బుగ్గలు, విరబోసుకున్న నెరిసిన జుట్టు, భుజం మీంచి జారిన పైట. కృప చెంచాతో గంజి తాపుతోంది. అప్పుడు హేమకు పంపడానికి తీసిన ఫోటో అది.

చాలాసేపు ఆలోచించి కృప ఒక్కో అక్షరమే కొట్టింది: "పట్టుచీర కట్టి ఫోటో తీసేవాళ్ళు వేరు. పక్కన కూర్చుని గంజి తాపేవాళ్ళు వేరు." ఫేస్‌బుక్‌లోనూ పెట్టింది, వాట్సాప్ స్టేటస్‌లోనూ పెట్టింది. అంతే.

సాయంత్రానికి నూట ఎనభై లైకులు. మరుసటి రోజు మధ్యాహ్నానికి హేమ ఫోటోను దాటేసింది. "నీవంటి బిడ్డ ఇంటింటికీ ఉండాల" అని ఒకరు, "కన్నీళ్ళు ఆగలేదు తల్లీ" అని ఒకరు. ఎవరో ఆ ఫోటోను చర్చి గ్రూపులో వేశారు. తుగ్గలి నుంచి చిన్నమ్మ ఫోన్ చేసి వెక్కి వెక్కి ఏడ్చింది. "మా అక్కకు ఇట్లయిందని నాకొక మాటన్నా సెప్పకపోతిరే!"

"ఇప్పుడు పర్వాలేదులే చిన్నమ్మా" అంది కృప. అది వానలప్పటి ఫోటో అని మాత్రం చెప్పలేదు. చెబితే ఆ ఏడుపు ఆగిపోతుంది. ఆ ఏడుపు కృపకు తియ్యగా ఉంది. అంట్లు తోముతూ కూడా మధ్యమధ్య చెయ్యి తుడుచుకుని ఫోన్ చూసుకుంది.

సుగుణమ్మ దగ్గర ఉన్నది బటన్ల ఫోన్. ఆమెకు ఇవేవీ తెలియవు.

మూడో రోజు తెల్లవారుజామున సుగుణమ్మ టిఫిన్ బాక్సు, నీళ్ళ సీసా పట్టుకుని, కూలీలను చేలకు పిలుచుకుపోయే తిప్పమ్మ ఆటో కోసం వీధి మలుపులో నిలబడింది. ఎండ ఎక్కాక తిరిగొచ్చింది.

"తిప్పమ్మ ఆటో రాలేదు మే. ఆయమ్మకు పానం బాగలేదో ఏమో."

నాలుగో రోజూ అంతే. ఆటో ఆ వీధిలోకే రాలేదు.

"పోనీలే మా. పంతొమ్మిది రోజులు మంచాన పడిన మనిషివి, ఇంట్లో ఉండరాదా?" అంది కృప. అమ్మ ఇంట్లోనే, తన కళ్ళ ముందే ఉంటే కృపకు లోలోపల సంతోషమే.

"ఇంట్లో కూసుంటే నాకు కాళ్ళు పట్టుకపోతాయి. తిప్పమ్మ ఇంటికాడికే పోయి అడిగొస్తా" అని సుగుణమ్మ చెప్పులు వేసుకుంది.

ఆమె అటు పోయిందో లేదో ఇటు హేమ వచ్చింది. ఆదోని నుంచి మొదటి బస్సుకే వచ్చినట్టుంది. చేతి సంచి అరుగు మీద పడేసి నిలబడే అరిచింది.

"తృప్తిగా ఉందా అక్కా? ఊరంతా నన్ను బద్నాం చేసినావు. మా అత్త నా మొగం మీదే అడిగింది, 'మీ అమ్మకు సీరియస్ అయితే ఈడ కేకు కోపిస్తివా?' అని!"

"నేను నీ పేరు పెట్టినానా?"

"పేరు పెట్టల్నా? పట్టుచీర అని రాస్తే తెలీదా?"

"తెలిసేట్టే రాసినా! సేవ అని రాసేటప్పుడు నీకు సిగ్గులేదా? ఆసుపత్రిలో ఎన్ని పూటలు ఉన్నావు నువ్వు?"

"నాకు చిన్న పిల్లోడు ఉండాడు. నాకూ రావాలనే ఉంటుంది. నువ్వు రానిస్తావా అసలు? నేను గంజి గ్లాసు పట్టుకుంటే 'నీకు రాదులే, ఇట్ల తే' అని లాక్కున్నది ఎవరు? అమ్మను నువ్వొక్కతే కొనుక్కున్నట్టు!"

కృపకు ఆ గ్లాసు గుర్తొచ్చింది. లాక్కున్న మాట నిజమే. అయినా ఊరుకోలేదు. పక్కిండ్ల వాళ్ళు తలుపుల్లోకి వచ్చేదాకా అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ ఒకరి గొంతు మీద ఒకరు గొంతెత్తారు.

"ఆపుతారా ఇంక?"

సుగుణమ్మ వాకిట్లో నిలబడి ఉంది. ఎప్పటి నుంచి ఉందో. ఇద్దర్నీ లోపలికి తోలి తలుపు వేసింది. తలకు కొంగు కప్పుకుని ఉంది, ఎండలో పోతే కూడా కప్పుకోని మనిషి.

"తిప్పమ్మ ఇంటికాడికి పోయినా. 'పనికి పిలుసుకోవేమి?' అంటే ఫోన్ తీసి సూపించింది. 'సుగుణక్కా, నీ పానం ఇట్లుంటే సేన్లో పడిపోతావు, రైతు నా గొంతు మీద కూసుంటాడు' అనె. నా బదులు ఇంకొకామెను ఎక్కించుకుంది. ఆడ ఉన్న ఆడోళ్ళంతా నా దిక్కు పాపం పాపమని సూసినారు."

కృప అమ్మ దగ్గరికి వచ్చింది. "అమ్మా, అది వానలప్పటిది..."

"ఎప్పటిదో నాకు తెలీదా? నా పైట నేను సర్దుకోలేని దినం అది. ఇరబోసుకున్న నా తల మీ నాయన తప్ప ఇంకో మగోడు సూసి ఎరగడు. ఇప్పుడు ఊరంతా సూసె."

"చూస్తివా అమ్మా, అక్క చేసిన పని..." అని హేమ అందుకోబోయింది.

"నువ్వు ఊరుకో. నువ్వు మాత్రం తక్కువనా? నీ సీర నాకు కట్టి, అట్ల నవ్వు ఇట్ల నవ్వు అని ఫోటో తీస్తివి. తీసిన మరునిమిషం ఇప్పించి మడత పెట్టుకుంటివి. బిడ్డ ముచ్చట కదాని నేను నోరెత్తలేదు. అది లోకానికి సూపించేదానికని నాకు ఒక మాట సెప్పినావా?"

చీర విప్పించుకున్న సంగతి వినగానే కృప గుండెలో ఏదో గెలిచినట్టు ఎగిరింది. ఆ ఎగురుడు అమ్మ కంట్లో పడింది.

"నువ్వేం సంతోషపడొద్దులే మే. దాని సీర పది నిమిషాలకు పోయింది. నువ్వు నా పనినే పోగొడితివి. ఈ వయసులో నేను ఒకరి ముందర సెయ్యి సాచకుండా బతుకుతాండానంటే ఆ పని ఉండబట్టి." సుగుణమ్మ కృప ముఖంలోకి చూసింది. "ఒక్క మాట సెప్పు. ఆ గంజి నాకు తాపినావా, ఫోన్‌కు తాపినావా?"

కృప గోడకు ఆనుకుని కింద కూర్చుంది. తాపింది అమ్మకే. ఒట్టు వేసి చెప్పగలదు. కానీ పంతొమ్మిది రోజులు చేసినదాన్ని ఒక్క పొద్దులో తనే ఎంగిలి చేసుకుంది.

"మీ ఇద్దరూ నా కోసరం కొట్లాడుకుంటిరి. ఇద్దర్లో ఒక్కరన్నా నన్ను అడిగితిరా?"

హేమ ముక్కు తుడుచుకుని ఫోన్ తీసి అమ్మ పక్కన కూర్చుంది. పిల్లవాడి పుట్టినరోజు ఫోటోలన్నీ ఒక్కొక్కటీ చూపించింది.

"ఇది ఉండనీనా అమ్మా?"

"మనవడితో ఉండేది ఉండనీ. ఆ సీరది తీసెయ్. ఆ సీర నాది కాదు."

కృప తన ఫోటో తీసేసింది. తీసేస్తే పోయేది కాదని ఆమెకు అప్పుడే తెలిసింది. చర్చి గ్రూపులో ఉంది, చిన్నమ్మ దగ్గర ఉంది, ఇంకెందరి దగ్గర ఉందో. సాయంత్రం దాకా ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. "అది పాత ఫోటో. అమ్మను అడక్కుండా పెట్టినా, తప్పు నాదే. మీ దాంట్లోంచి తీసేయండి." పాస్టరమ్మకు చేసేటప్పుడు ఒకసారి నంబరు కొట్టి ఆపేసింది. మెచ్చుకున్నవాళ్ళకే మళ్ళీ చెప్పుకోవాల్సి రావడం చావుతో సమానంగా అనిపించింది. అయినా చెప్పింది. హేమ కూడా తన అత్తకు ఫోన్ చేసి, "నేను రాసిన సేవ మాట అబద్ధమత్తా, చేసిందంతా మా అక్కే" అంది. ఆ మాట కృప చెవిన పడింది. పొద్దున అయితే ఆ మాట కోసం ప్రాణం ఇచ్చేది. ఇప్పుడు తల ఎత్తి చెల్లెలి వైపు చూడలేకపోయింది. ఆఖరి బస్సుకు హేమను తనే పోయి ఎక్కించి, జామపండ్లు కొని కిటికీలోంచి అందించింది.

మరుసటి రోజు సూర్యుడు రాకముందే కృప తిప్పమ్మ గుమ్మంలో నిలబడింది.

"పిన్నీ, మా అమ్మ రాయి మాదిరి ఉండాది. నా కండ్లమంటతో నేను చేసిన పని అది. అమ్మను పనికి పిలుసుకో."

తిప్పమ్మ ఎగాదిగా చూసింది. "పడిపోతే?"

"నేనూ వస్తా. పక్క సాలు పట్టుకుంటా. పడిపోతే నేను మోసుకొస్తా."

గోనెగండ్ల దోవలో ఆటో దిగి చేలోకి పోయిన అరగంటకే తేలిపోయింది, ఎవరిని ఎవరు మోయాల్నో. సుగుణమ్మ రెండు చేతులా పత్తి తీసుకుంటూ సాలు చివరికి పోయి, మళ్ళీ ఎదురొచ్చి, కూతురి సాలులో సగం తీసేసింది. "ఏమి సుగుణక్కా, ఆసుపత్రిలో పండుకున్నది నువ్వా, నీ కూతురా?" అని ఒకామె అడిగితే చేనంతా నవ్వింది. సుగుణమ్మ అందరికంటే గట్టిగా నవ్వింది. ఇంట్లో కృప ఎప్పుడూ వినని నవ్వు అది. కాయ డొప్పలు గుచ్చుకుని వేళ్ళు మండుతున్నా కృప అమ్మనే చూస్తూ ఉండిపోయింది. ఈ మనిషిని ఆరేళ్ళుగా చూసుకుంటున్నానని అనుకుంది. చూసింది ఎప్పుడు?

మధ్యాహ్నం గట్టు మీద అన్నాలకు కూర్చున్నారు. మిగతావాళ్ళు కొంచెం ఎడంగా ఉన్నారు. కృప ముద్ద నోట్లో పెట్టుకోలేదు. ముప్పై ఏళ్ళుగా గొంతులో ఉన్న మాట, చిన్నపిల్ల అడిగినట్టు అడిగేసింది.

"అమ్మా, నేనంటే ఎక్కువ ఇష్టమా నీకు, హేమ అంటేనా?"

సుగుణమ్మ చెయ్యి ఆగింది. కూతురి వైపు తిరిగింది.

"ఈ మాట కోసరమా మే నువ్వు ఆ ఫోటో ఊరందరికీ సూపించింది? నన్నే అడిగింటే సరిపోయేది కదా."

కృప కళ్ళు చెరువులయ్యాయి. "అడుగుతాండా కదా ఇప్పుడు. సెప్పు."

"ఈ పొద్దుకైతే హేమనే. నీ మీద కోపం ఇంకా పోలేదు నాకు." సుగుణమ్మ తన బాక్సులోంచి మామిడికాయ ఊరగాయ ముక్క తీసి కూతురి అన్నంలో వేసింది. "రేపు అడుగు."

కృపకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. పత్తి దూది అంటుకున్న చేత్తో కళ్ళు తుడుచుకుని, ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది.