దేనికి కలిపావు?

ఆ ఆపరేషన్ గదిలో ఒక పద్ధతి ఉండేది. డాక్టరు తెగిన కొసను పట్టుకుని దాని పేరు పైకి చెప్పాలి. ఎదురుగా నిలబడ్డ పెద్ద సిస్టర్ ఆ పేరును తిరిగి అనాలి. అప్పుడే సూది దిగాలి. మనం మామూలుగా అన్నిటినీ నరమే అంటాం. నరం పట్టేసిందంటాం, నరం తెగిందంటాం. కానీ మణికట్టు లోపల ఉన్నవి రెండు రకాలు. వేలిని లాగే తాడు ఒకటి, దాన్ని వాళ్ళు టెండన్ అంటారు. వేలికి తగిలినదాన్ని మెదడుకు చెప్పే తీగ ఇంకొకటి, అదే అసలు నరం. నెత్తురు పులుముకున్నాక రెండూ ఒకేలా కనబడతాయి. అందుకే ఆ పద్ధతి.

ఏడాది కిందట డాక్టరు ఒక్కసారి ఆ పద్ధతి తప్పాడు. దర్జీ పని చేసే ఆవిడ చెయ్యి అది. భోజనం వేళ దాటిపోతోందని పేర్లు చెప్పకుండానే చకచకా కుట్టేశాడు. నరం కొసను తీసుకెళ్ళి టెండన్‌కు కలిపాడు. ఆమె వేళ్ళకు స్పర్శ రాకపోయాక గాని అతనికి అర్థం కాలేదు. "నరం కలిపారు కదా సార్?" అని ఆమె భర్త అడిగితే, "కలిపాను" అన్నాడు. అబద్ధమేమీ కాదు. దేనికి కలిపాడో చెప్పలేదంతే.

తర్వాత ఓ రోజు కుట్టుమిషన్ సూది ఆమె చూపుడువేలిలోంచి దిగిపోయింది. గుడ్డ ఎర్రబడేదాకా ఆమెకు తెలియనే లేదు. వేలిలో నీలం దారంతోనే ఆస్పత్రికి వచ్చింది. ఆ పుండు చీముపట్టి, విషం ఒళ్ళంతా పాకి, మనిషి పోయింది. జరిగిన పొరపాటు డాక్టరుకూ పెద్ద సిస్టర్‌కూ తప్ప ఎవరికీ తెలియదు.

ఇవాళ మధ్యాహ్నం ఆ బల్ల మీదే అద్దాలు బిగించే మనిషి పడుకున్నాడు. కిటికీ అద్దం జారి మణికట్టు నుంచి ముంజేతి సగం దాకా చీల్చేసింది. భుజం దగ్గర మందు ఎక్కించి చెయ్యి మొద్దుబార్చారు. మనిషి మాత్రం మెలకువగానే ఉన్నాడు. మొహానికీ చేతికీ మధ్య పచ్చగుడ్డ తెర.

"పాతికేళ్ళు అద్దాన్ని నేను కోశాను సార్. ఇవాళ దాని వంతొచ్చింది," అన్నాడు తెర వెనకనుంచి.

"చెయ్యి బాగయ్యాక దాని సంగతి తేల్చుకుందువుగాని. కదలకు."

సిస్టర్ నవ్వలేదు. "పేర్లు చెప్పండి సార్," అంది.

"చూపుడువేలి టెండన్."

"చూపుడువేలి టెండన్."

కొస లాగితే వేలు వంగింది. సూది దిగింది. కిటికీలు లేని గది. స్పిరిట్ వాసన, పచ్చి నెత్తురు వాసన. మూలన రక్తం పీల్చే మిషన్ గురగురమంటోంది. ఏడో కుట్టు దగ్గర ఆ చప్పుడు మారింది. టకటక... టకటక... కాలితో తొక్కే కుట్టుమిషన్‌లా. ఎక్కణ్ణుంచో మిషన్ నూనె వాసన కూడా.

"ఆ మిషన్‌కేమైంది సిస్టర్?"

"అది ఆపేసి పావుగంటైంది సార్."

డాక్టరు సూదిని బిగించి పట్టుకున్నాడు.

"సార్..." తెర వెనక గొంతు సన్నబడింది. "నా వేలు ఎవరు పట్టుకున్నారు?"

"నీ చేతికి స్పర్శే లేదయ్యా."

"తెలుసు సార్. అయినా చల్లగా ఉంది... చిన్న చెయ్యి."

సిస్టర్ చేతులు రెండూ పళ్ళెం మీదే ఉన్నాయి. డాక్టరు చేతులు గాయం మీద ఉన్నాయి. త్వరగా ముగించి ఈ గదిలోంచి బయటపడాలి, అంతే అనుకున్నాడు. గబగబా మరో తెల్లటి కొస పట్టుకున్నాడు.

"మధ్యవేలి టెండన్."

"మధ్యవేలి టెండన్," అంది సిస్టర్.

"నరం," అంది ఇంకెవరో. బల్ల కిందనుంచి.

అతను కొస లాగాడు. వేలు వంగలేదు. నీళ్ళతో కడిగి చూశాడు. కొంచెం పసుపు రంగు... పైన వెంట్రుకంత రక్తనాళం. నరమే. మళ్ళీ అదే పొరపాటు చేయబోయాడు. చెమట మాస్కులోకి కారింది. దాని అసలు జోడీని వెతికి, కంటికానని దారంతో కలిపాడు.

"నరం," అన్నాడు.

"నరం," అంది సిస్టర్.

"నరం," అంది మూడో గొంతు. అందులో కోపం లేదు. పాఠం ఒప్పజెప్పించుకుంటున్నట్టుంది.

"ఆవిడ అడుగుతోంది సార్," అన్నాడు తెర వెనక మనిషి, నిద్రలో మాట్లాడినట్టు. "నాది దేనికి కలిపావు అని..."

సిస్టర్ డాక్టరు కళ్ళలోకి చూసింది. "చెప్పండి సార్. పేరు చెప్పడమేగా."

టకటక... టకటక...

"దారం కత్తిరించండి సిస్టర్," అన్నాడు డాక్టరు.

చప్పుడు ఠక్కున ఆగిపోయింది.

ఆపరేషన్ అయిపోయింది. గ్లవ్స్ విప్పి చూసుకున్నాడు, ఎక్కడా చిరుగు లేదు. రోగిని వార్డుకు తోసుకుపోయారు. సిస్టర్ కూడా వెళ్ళింది. డాక్టరు తలుపు మూసి బయటికి వచ్చేసరికి అద్దాల మనిషి భార్య ఎదురొచ్చింది.

"నరం కలిపారా సార్?"

"కలిపాను."

ఆమె దండం పెట్టబోయి ఆగిపోయింది. "సార్... మీ వేలు..."

చూసుకున్నాడు. చూపుడువేలి గోరు మధ్యలోంచి నీలం దారం. ఇటునుంచి దిగి అటు తేలింది. గిల్లి చూసుకున్నాడు. నొప్పి లేదు... వేలే లేనట్టుంది.

దారం నేల మీదుగా వెనక్కి పోయి, మూసిన తలుపు కింద దూరింది. లోపల ఎవరూ లేరు.

చూస్తుండగానే అది మెల్లగా బిగుసుకుంది.