సైదాబాద్ షెడ్డులో మాయమైన బి.ఎస్.ఎ.

లాడ్ బజార్‌లో గాజుల దుకాణం పైనున్న ఆ చిన్న ఆఫీసుకు మెట్లు బాగా నిటారుగా ఉంటాయి. శనివారం పదకొండు గంటలకు ఆయాసపడుతూ ఎక్కి వచ్చిన రఫియా, కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"నా కొడుకు తారిక్ మెకానిక్, అమ్మా. సైదాబాద్‌ల విశ్వేశ్వర్ సార్ పాత మోటార్‌సైకిళ్లు వాడే చూస్తడు. నిన్న జుమ్మా నమాజ్ టైంల ఒక బండి పోయింది. దొంగవు నువ్వే అని సార్ చాయ్ హోటల్ ముందట పదిమంది వినంగ అన్నడు. ఈరోజు అయిదింటిలోపల ఒప్పుకోకుంటె పోలీసులకు ఇస్తడంట. లోపలేసి కొడ్తరు. చెయ్యో కాలో పోతది. మెకానిక్‌కు చెయ్యి పోతే ఏం మిగుల్తది?"

డిటెక్టివ్ వాసవాంబ కళ్లద్దాలు తుడుచుకుంది. పక్కన అసిస్టెంటు స్రవ్య నోటుబుక్కు తెరిచింది. మేడమ్ చేతికొచ్చిన కేసు తేలకుండా పోదని స్రవ్యకు గట్టి నమ్మకం.

"బండి దొరికిందా?"

"రెండు గల్లీల అవతల దొరికింది. గోడకు గుద్ది, ముందరంత వంగిపోయింది. తోలినోడు పారిపోయిండు."

"మరి పోలీసులకు నిన్ననే ఎందుకు చెప్పలేదు?"

"పిల్లగాని బతుకు ఖరాబ్ కావద్దని ఆగిన అంటడు. అంత ప్రేమ ఉన్నోడు చాయ్ హోటల్ కాడ ఎందుకు అరిచిండో మరి."

వాసవాంబ ఆ మాట రాసుకోమని స్రవ్యకు సైగ చేసింది.

చార్మినార్ దగ్గర ఆటో కదలక గంట పోయింది. రఫియా దారిపొడవునా ఫోనులో టైం చూస్తూనే ఉంది. సైదాబాద్ చేరేసరికి ఒంటిగంట దాటింది.

విశ్వేశ్వర్‌కు అరవై ఏళ్లుంటాయి. పాత మోటార్‌సైకిల్ కంపెనీల చరిత్ర మీద పుస్తకం రాస్తున్నాడు. షెడ్డులో బల్ల వెనుక కూర్చుని, వచ్చినవాళ్లను చూసి లేవలేదు.

"షెడ్డు తాళం పగిలిందా?" అని అడిగింది వాసవాంబ.

"లేదు. తాళంచెవులు మూడు. ఒకటి నాది, ఒకటి తారిక్‌ది, ఒకటి మా పాత బండ్ల క్లబ్బు సెక్రటరీ సామ్యూల్‌ది. పోయిన బండి బి.ఎస్.ఎ. ఎం-ఇరవై. ఆ కంపెనీ గురించి మీరు ముందు తెలుసుకోవాలి. బర్మింగ్‌హామ్‌లో తుపాకులు చేసేవాళ్లు పెట్టిన కంపెనీ అది. యుద్ధంలో..."

"నిన్న ఒంటిగంట నుంచి రెండింటిదాకా మీరెక్కడున్నారు?"

"లోపల రాసుకుంటున్నాను. జావా గురించి. అది చెక్ దేశపు కంపెనీ. మైసూరులో..."

"ఎవరైనా చూశారా మిమ్మల్ని?"

"నేను రాసేటప్పుడు ఎవరూ రాకూడదు. అన్నట్టు, ఆ కాలపు ఇంగ్లీషు బండ్లలో గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండేవి. మద్రాసులో తయారైన పాత బుల్లెట్ కూడా అంతే. ఇప్పటివాటికి పూర్తిగా తిరగేసి."

వాసవాంబకు తల పట్టుకోవాలనిపించింది. ఒక్క ప్రశ్నకు ఒక్క జవాబు ఇచ్చేవాడు ఈ ఊళ్లో లేడా?

తారిక్ దగ్గరా అదే తంటా అయింది.

"మసీదులో నిన్ను ఎవరు చూశారు?"

"ఆఖరి వరుసల నిలబడ్డ, మేడమ్. అందరు ముందుకే చూస్తరు. నన్నెవరు చూస్తరు?"

రఫియా నుదురు కొట్టుకుంది. "ఒక్కరోజన్న ముందుగాల పోవాలె గదరా."

సామ్యూల్ తన పాత బుల్లెట్ మీదే వచ్చాడు. ఇరవై ఏళ్లుగా అది తప్ప వేరే బండి ఎక్కలేదట. తారిక్‌కూ ఆ బుల్లెట్ మీదే నేర్పించాడు.

"నిన్న మధ్యాహ్నం ఇంట్ల పండుకున్న. సాక్షి గిట్ల అడగకుండ్రి, గురక విన్నోళ్లు లేరు. ఆ బి.ఎస్.ఎ. నాకు అమ్ముమని మస్తు సార్లు అడిగిన, నిజమే. రేపు క్లబ్బు ర్యాలీల దాన్ని సారే నడుపుతడంట, టీవీ వాళ్లు వస్తరని. ఎప్పుడు తారికే తోలెటోడు, సార్ వెనక కార్ల వచ్చెటోడు. పుస్తకం ఆయనది, పెట్రోల్ వాసన మాది."

మూడు గంటలైంది. ముగ్గురి దగ్గరా తాళంచెవి ఉంది. ముగ్గురిలో ఎవరికీ సాక్షి లేడు.

బండి గుద్దిన గోడ దగ్గర కాశమ్మ పూలు అమ్ముకుంటోంది. గుడిమల్కాపూర్ నుంచి తెచ్చిన బంతిపూల గంప పక్కనే పడిపోయిన ఇటుకలున్నాయి.

"మొహం కనబడలే, పెద్ద హెల్మెట్ ఉండె," అంది కాశమ్మ. "దూరంకెల్లి వస్తనే ఉన్నడు. నా గంపను చూసి ఆపనీకి కుడికాలుతోని టపటప తొక్కుతున్నడు. ఎంత తొక్కినా ఆగలే. పక్కకు తిప్పి గోడకు గుద్దిండు. నాకు సారీ గూడ చెప్పలే."

"కుడికాలేనా? బాగా గుర్తుందా?"

"నా మీదికే వస్తుంటే సూడనా తల్లీ?"

వాసవాంబ మొహంలో ఆ రోజు మొదటిసారి చిరాకు తగ్గింది.

నాలుగున్నరకు అందరినీ షెడ్డులో పోగుచేసింది. సామ్యూల్ బుల్లెట్‌ను లోపలికి తెప్పించి స్టాండు వేయించింది.

"ఒక్కొక్కరు దీనిమీద కూర్చోండి. ఇంజను ఆపే ఉంటుంది. రోడ్డు మీద పోతున్నట్టు అనుకోండి చాలు."

మొదట తారిక్ కూర్చున్నాడు. వెనుక నుంచి స్రవ్య ఖాళీ నూనె డబ్బాను చక్రం ముందుకు తన్నింది. డబ్బా పెద్ద చప్పుడుతో దొర్లింది. తారిక్ ఎడమకాలు చటుక్కున కిందికి నొక్కింది. సామ్యూల్‌దీ ఎడమకాలే.

విశ్వేశ్వర్ లేవడానికి బల్ల పట్టుకోవాల్సి వచ్చింది. కుంటుతూ వచ్చి ఎక్కాడు.

"దీని బ్రేకు ఎటువైపు, సార్?"

"ఎడమవైపు. ఇందాక చెప్పాను కదా. ఆ కాలంలో..."

డబ్బా దొర్లింది. విశ్వేశ్వర్ కుడికాలు గేరును బలంగా తొక్కింది. మోకాలి నొప్పికి ఆయన మూలిగాడు.



"కాశమ్మ చెప్పిన మనిషి కుడికాలితో ఆపబోయాడు," అంది వాసవాంబ. "ఆ బండిలో కుడికాలి కింద ఉన్నది గేరు. బ్రేకు అనుకుని తొక్కాడు, బండి పరుగు ఆగలేదు. ఇరవై ఏళ్లుగా బుల్లెట్ తోలే సామ్యూల్ ఆ తప్పు చేయడు. రోజూ బి.ఎస్.ఎ. తోలే తారిక్ అసలే చేయడు. తాళంచెవి ఉన్న మూడో మనిషి కారు మనిషి. కారులో బ్రేకు కుడికాలికే. మీకు తెలియక కాదు, సార్. మీ నోటికి తెలుసు, కాలికి తెలియదు. రేపు టీవీ వాళ్ల ముందు నవ్వులపాలు కాకూడదని, తారిక్ నమాజుకు పోయిన టైం చూసి నేర్చుకోబోయారు. పోలీసులు తవ్వితే బయటపడుతుందని వాళ్లకు చెప్పలేదు. బెదిరిస్తే ఈ పిల్లవాడే ఒప్పుకుంటాడనుకున్నారు."

విశ్వేశ్వర్ దిగి, బండికే ఆనుకున్నాడు. "ఇన్నేళ్లు ఆ బండి గురించి రాశాను. తోలడం రాదని ఎలా చెప్పుకోను? తారిక్, తప్పయింది. ఇక్కడితో వదిలేద్దాం. ముందు చక్రం నువ్వే సరిచేసిపెట్టాలి."

తారిక్ నేల చూశాడు. సరేననబోతున్నాడని తల్లికి అర్థమైంది.

"ఆగు బేటా," అంది రఫియా. "సార్, నా కొడుకును దొంగన్నది ఈ షెడ్డుల కాదు. చాయ్ హోటల్ ముందట. అక్కడున్నోళ్లు మా బస్తీలనే ఉంటరు. రేపు వీనికి బండి తాళంచెవి ఇచ్చేటప్పుడు ఆ మాటే యాదికొస్తది వాళ్లకు."

"నేను పెద్దవాణ్ని, రఫియా. రోడ్డు మీద ఎలా..."

"నేను నిన్నటిసంది అన్నం ముట్టలే. పాండ్రి సార్, హోటల్ కాడికి."

ఆయన వాసవాంబ వైపు చూశాడు. ఆమె గేటు తెరిచి పట్టుకుంది.

హోటల్లో సాయంత్రం గిరాకీ నిండుగా ఉంది. విశ్వేశ్వర్ గడప దగ్గర నిలబడి, ఏదో గొణిగాడు. ఒకరిద్దరు తలెత్తి మళ్లీ సాసర్లలో చాయ్ ఊదుకున్నారు.

"వినబడలే సార్," అంది రఫియా. "నిన్న గల్లీ చివరిదాకా వినబడ్డది."

విశ్వేశ్వర్ కళ్లు మూసుకుని గొంతు పెంచాడు. "బండి నేనే తోలి గుద్దాను. తారిక్ దొంగ కాదు."

చాయ్ పోస్తున్న మనిషి చెయ్యి ఆగిపోయింది. అందరూ ఇటు తిరిగారు. తారిక్ ఎటు చూడాలో తెలియక చేతులకంటిన గ్రీజు తుడుచుకుంటుంటే, రఫియా బెంచీ మీద కూలబడి, నిన్నటి నుంచి మొదటిసారి ఒక చాయ్ చెప్పింది.