వచ్చేసిందా?

ఎయిర్‌పోర్టు టాక్సీ స్టాండులో ఏ డ్రైవర్నైనా కదిపి చూడండి. కొండ మీది ఊరికి సవారీ ఉందంటే ఎగిరి గంతేస్తాడు. అదే పొద్దుగూకాక ఖాళీ బండితో దిగి రావాలంటే మాత్రం ఉన్నట్టుండి కడుపులో నొప్పి మొదలవుతుంది, ఇంట్లో ఎవరికో జ్వరం గుర్తొస్తుంది.

కారణం... ఆ మూతబడ్డ రిసార్టు.

మధ్యలో ఎయిర్‌పోర్టు, అటు కొండ, ఇటు సముద్రం. విమానం దిగినవాళ్లు గంట తిరక్కుండా చలికి వణకనూ వచ్చు, ఇసుకలో కాళ్లు పెట్టనూ వచ్చు. కొండ దిగిన రోడ్డు సముద్రం దాకా వచ్చి, దాన్ని తాకీతాకనట్టు ఎయిర్‌పోర్టు వైపు వంపు తిరుగుతుంది. ఆ వంపులో ఉంది రిసార్టు. ఒకప్పుడు గది దొరకడమే గగనం. తర్వాత సముద్రం ముందుకొచ్చి కింది గదులన్నీ మింగేసింది. ఇప్పుడు మిగిలింది గేటు, కాపలావాడి గది, పైన సగం ఊడిన బోర్డు.

అక్కడ ఉన్నది ఎవరు? ఒకడు ముసలామె అంటాడు, ఒకడు కొత్త పెళ్లికూతురంటాడు. ఎవరి నోటికి వచ్చింది వాళ్లు చెబుతారు. ఒక్క విషయంలో మాత్రం అందరిదీ ఒకే మాట — చీకట్లో కొండ దిగే ఖాళీ బండిలో వెనక సీటు ఖాళీగా ఉండదు. ఎక్కింది గేటు దగ్గర దిగాలి. అంతే దానికి కావలసింది.

స్టాండులో అందరికన్నా పాతకాపు, ‘పెద్దాయన’ అని పిలిచే డ్రైవరు, కొత్తగా చేరినవాళ్లందరికీ ఇదే పాఠం చెబుతాడు.

“వెనక్కి చూడకు. మాట కలపకు. గేటు దగ్గర ఆపి తలుపు తియ్యి. ‘వచ్చేసింది, దిగండి’ అను. అంతే. దిగాక కేకలేస్తుంది... ఏడుస్తుంది... ఆగకు. ఆగినవాళ్లున్నారు. తిరిగొచ్చినవాళ్లు లేరు.”

ఈ పాఠాన్ని పొల్లుపోకుండా నేర్చుకున్నవాడు నిదానం. అసలు పేరు వాళ్లావిడకైనా గుర్తుందో లేదో గానీ, స్టాండంతా అతన్ని నిదానం అనే పిలుస్తుంది. బండి అంత నెమ్మదిగా నడుపుతాడు. తన నీడ తన మీద పడినా హారన్ కొడతాడని మిగతావాళ్ల ఎగతాళి. పిరికివాడే, కాదనడు. ‘ధైర్యం ఉన్నవాళ్ల ఫొటోలకే దండలు పడతాయిరా’ అంటాడు.

ఆ రోజు సాయంత్రం విమానం ఆలస్యంగా దిగింది. బయటికొచ్చింది ఒక పెద్ద కుటుంబం. తాతగారికీ, నాయనమ్మగారికీ, ఆవిడ చెల్లెలికీ కొండ మీది చల్లగాలి కావాలట. కొడుకులకీ, కోడళ్లకీ, పిల్లలకీ సముద్రం కావాలట. ఊరికి అవతల, కొత్తగా కట్టిన రిసార్టులో వాళ్ల గదులు. అందుకని రెండు బండ్లు. పెద్దవాళ్లు నిదానం బండెక్కారు, పిల్లల మూక రెండో బండెక్కింది. ఈలోగా ఆ పెట్టె ఇటు, ఈ సంచి అటు, నా మందులేవీ, నా కళ్లజోడేదీ అంటూ... సంతలో ఎడ్లు మారినట్టు సామాన్లు మారాయి. నిదానం బండి పైకెక్కి పెట్టెలకు తాడు కట్టడంలో మునిగిపోయాడు. కింద ఎవరు ఎక్కారో, ఎవరు దిగారో అతను చూడలేదు.

కొండెక్కేసరికి దీపాలు పెట్టారు. ముగ్గురినీ గెస్ట్‌హౌస్‌లో దింపాడు.

“ఈ పూటకి ఇక్కడే పడుకోరాదూ నాయనా?” అంది నాయనమ్మగారు. “మంచు కమ్ముతోంది.”

“పొద్దున్నే మొదటి విమానానికి సవారీ ఉందమ్మా,” అన్నాడు. పడుకోవడానికి చోటుందా అని లోపల అడిగాడు కూడా. లేదన్నారు. ఇక గత్యంతరం లేక బండి తిప్పాడు.

మంచు నిజంగానే కమ్మింది. బండి ముందు నాలుగు బారల రోడ్డు తప్ప ఏమీ కనబడదు. నిదానం తనకు వచ్చిన దేవుళ్లందర్నీ వరసపెట్టి తలుచుకుంటూ, ఒకర్ని తలిచి ఇంకొకర్ని మరిస్తే కోపమొస్తుందేమోనని మళ్లీ మొదటినుంచీ తలుచుకుంటూ దిగుతున్నాడు. ఫోన్లో సిగ్నల్ పోయింది. పాటలు పెడదామనుకున్నాడు గానీ... పాట మధ్యలో ఇంకో గొంతు వినబడితే? అక్కర్లేదనుకున్నాడు.

మలుపులన్నీ అయిపోయాయి. సముద్రం హోరు వినిపించింది.

అప్పుడు —

టింగ్... టింగ్... టింగ్...

నిదానం ఒంట్లో రక్తం గడ్డకట్టింది. ఆ మోత అతనికి బాగా తెలుసు. వెనక సీట్లో మనిషి కూచుని బెల్టు పెట్టుకోకపోతే మోగుతుంది. స్టీరింగు ముందు చిన్న ఎర్ర దీపం కూడా వెలిగింది. నడిమి సీటు, ఎడమవైపు.

ఖాళీ సీటు.

అద్దంలోకి చూడకూడదు. చూడలేదు. చేత్తో అద్దాన్ని పైకి తిప్పేశాడు. టింగ్... టింగ్... ఏదో రాసుకున్న చప్పుడు. సీటు కిర్రుమంది. తర్వాత... ఊపిరి. చిన్నగా, తన చెవి వెనకే.

“వచ్చేసిందా...?”

గుసగుస. గాలి మాట్లాడినంత సన్నగా.

మాట కలపకూడదు... కలపకూడదు... ఇంటి దగ్గర భార్యా, ఇద్దరు పిల్లలూ కళ్లముందు మెదిలారు. వాళ్లని మళ్లీ చూస్తానో లేదోనని ఏడుపొచ్చింది. ఎప్పుడూ నలభై దాటని మనిషి, ఆ మంచులో, ఎంత వేగంగా పోతున్నాడో అతనికే తెలియదు.

గేటు కనబడింది. బ్రేకు తొక్కాడు. తన సీట్లోంచే బటన్ నొక్కితే పక్క తలుపు జరిగే బండి అది. నొక్కాడు. సముద్రపు గాలి ఉప్పగా లోపలికొచ్చింది.

“వ... వచ్చేసింది. దిగండి,” అన్నాడు రోడ్డుకేసే చూస్తూ.

కాసేపు ఏమీ లేదు. తర్వాత బండి ఒక పక్కకి కొంచెం ఒరిగి, మళ్లీ నిలబడింది. టింగ్ మోత ఆగిపోయింది. దిగింది.

తలుపు మూసి బండి ఉరికించాడు. వెనకనుంచి కేక —

పెద్దాయన చెప్పినట్టే. సన్నటి, గొంతు చీరుకునే కేక. ఆ వెంటే ఏడుపు. నిదానం పళ్లు బిగబట్టి, “ఆగను, నేనాగను, నన్నొదిలెయ్ తల్లీ” అంటూ తొక్కుతూనే ఉన్నాడు. ఏడుపు సన్నగిల్లి, హోరులో కలిసిపోయింది.

చాలా దూరం వచ్చాక పెట్రోలు బంకు దీపాలు కనబడ్డాయి. అంత వెలుగు చూసేసరికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలా ప్రాణం కుదుటపడింది. బంకు కుర్రాడు నీళ్లసీసా ఇచ్చి, “కలిసిందా అన్నా?” అన్నాడు నవ్వుతూ.

“కలిసింది. దింపేశా.”

ఆ మాటలో కాస్త గర్వం కూడా ఉంది. బతికి బయటపడ్డ పిరికివాడి గర్వం మరి. వెనక తలుపు తీశాడు. సీటు మీద తడీ గిడీ ఏమన్నా ఉంటుందేమో, పెద్దాయనకి చెప్పాలి కదా.

చివరి సీట్లో తను కునుకు తీసేటప్పుడు కప్పుకునే రగ్గు ఉంటుంది. అది సగం కిందికి జారి ఉంది. నడిమి సీటు కింద... ఒక చెప్పు. అరచేతిలో పట్టేంత చెప్పు. పసుప్పచ్చది, మీద ప్లాస్టిక్ పువ్వు.

నిదానం దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. దెయ్యాలకు పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని విన్నాడు గానీ, చెప్పులు మర్చిపోతాయని ఎవరూ చెప్పలేదు.

అప్పుడే సిగ్నలొచ్చి ఫోను మోగింది.

“నాయనా!” నాయనమ్మగారి గొంతు. “మా చిట్టిది నీ బండిలో ఉందా? వాళ్లమ్మేమో నాతో వచ్చిందనుకుంటోంది... నేనేమో అక్కడుందనుకుంటున్నా... నాయనమ్మతో పోతానని ఏడ్చి నీ బండి చివరి సీటెక్కిందట... నీ బండిలో ఉంది కదూ? పడుకుని ఉంటుంది చూడు నాయనా!”

వచ్చేసిందా అని అడిగింది ఎవరో, దిగండి అంటే బుద్ధిగా దిగింది ఎవరో నిదానానికి అర్థమైంది. రిసార్టుకి పోతున్నామని విన్న పిల్ల, గేటూ బోర్డూ కనబడితే అమ్మ దగ్గరికి వచ్చేశాననుకోదూ!

“ఉం... ఉందమ్మా,” అన్నాడు. “తెస్తున్నా.”

ఫోను పెట్టేసి, చెప్పు జేబులో వేసుకుని, బంకు కుర్రాడి చెయ్యి పట్టుకున్నాడు. “నాతో రా తమ్ముడూ. అక్కడ పసిపిల్లుంది.”

కుర్రాడు చెయ్యి విడిపించుకున్నాడు. “నాకూ పిల్లలున్నారన్నా...”

“ఆ పిల్లా ఎవరో కన్నదేగదరా!” అని అరిచాడు నిదానం. జీవితంలో ఒకళ్ల మీద గొంతెత్తడం అదే మొదలు.

ఒక్కడే బండి తిప్పాడు. భయం పోయిందని చెబితే అబద్ధం. ఇందాకటికి పదింతలైంది. ఇందాక తన ప్రాణం ఒక్కటే. ఇప్పుడు ఆ కేక చెవుల్లో మోగుతోంది — దెయ్యం కేక కాదు, నాలుగైదేళ్ల పసిది చీకట్లో తన బండి వెనక పరిగెడుతూ వేసిన కేక. దారి పొడుగునా ఒక్క బండీ ఎదురు రాలేదు. రెండు చేతులా స్టీరింగు పట్టుకుని, “ఉండు తల్లీ, ఉండు తల్లీ” అంటూనే ఉన్నాడు. ఎడం పక్కన అలలు గోడకి కొట్టుకుంటున్నాయి. పిల్ల అటువైపు నడిచి ఉంటే?

గేటు. లైట్ల వెలుగులో తుప్పు, బోర్డు, ఇసుక. ఎవరూ లేరు.

దిగాడు. అక్కడ దిగి తిరిగొచ్చిన డ్రైవరు లేడు. పిలిచినవాడు అసలే లేడు.

“పాపా!”

హోరు... అంతే.

“అమ్మడూ! నేనేరా, డ్రైవరు మావయ్యని! నాయనమ్మ దగ్గరికి పోదాం రా!”

పలుకు లేదు. గేటు సందులోంచి లోపలికి దూరాడు. పైన ఎక్కడో తలుపు టపటప కొట్టుకుంది. మంచులో ఏదో తెల్లగా కదిలినట్టై ప్రాణం పైకే పోయింది... పాత కర్టెను. ఇసుకలో చిన్న అడుగుల కోసం వెతికాడు. కనబడ్డాయి. ఒకటి చెప్పుది, ఒకటి ఉత్త పాదానిది. అవి సముద్రం వైపు కాకుండా కాపలావాడి గది వైపు తిరిగి ఉన్నాయి. దేవుళ్లందరికీ ఒకేసారి దణ్ణం పెట్టుకున్నాడు.

“పాపా... ఉన్నావా?”

గది లోపల, తలుపు చాటునుంచి గుసగుస.

“నా చెప్పు ఏది?”

జేబులోంచి చెప్పు తీసి వెలుగులో పెట్టాడు. “ఇదిగో తల్లీ... ఇదిగో... పువ్వుది.”

తలుపు చాటునుంచి రెండు కళ్లు ఆ చెప్పును చాలాసేపు చూశాయి. తర్వాత పిల్ల ఒక్క ఉదుటున వచ్చి అతని మోకాళ్లు చుట్టేసింది. నిదానం ఇసుకలో చతికిలబడి, పిల్లని గుండెకు హత్తుకుని బావురుమన్నాడు. “తప్పైపోయింది తల్లీ... నన్ను క్షమించు తల్లీ...” అంటూనే బండి దాకా ఎత్తుకొచ్చి రగ్గు చుట్టాడు. ఈసారి వెనక సీట్లో కాదు, ముందు తన పక్కనే కూచోబెట్టి బెల్టు పెట్టాడు.

గేటు దాటి, రోడ్డెక్కి, ఊపిరి కాస్త సర్దుకున్నాక అడిగాడు.

“అంతలా పిలుస్తుంటే పలకలేదేమ్మా? నా గుండె ఆగిపోయిందనుకో!”

పిల్ల చెప్పు బకిలు పెట్టుకుంటోంది. “నువ్వో కాదో తెలీదుగా.”

“పిచ్చి తల్లీ! ఇక్కడికి నేను కాక ఇంకెవరొస్తారు?”

“ఇందాక వచ్చావుగా,” అంది పిల్ల. “ఇలాగే బండి ఆపావు. ఇలాగే పాపా అని పిలిచావు. డ్రైవరు మావయ్యనన్నావు. చెప్పు చూపించమంటే...”

బకిలు పడింది. తలెత్తి అతని మొహంలోకి చూసింది.

“నీ దగ్గర లేదు. అందుకే ఎక్కలేదు.”