ఇఫ్ లేని క్యాచ్

"మీ సైటు తెల్లకాగితమండి, సూర్యతేజ గారూ!"

వానలో తడుస్తూ జెరాక్స్ షాపులోకి దూసుకొచ్చిన సత్యకుమారి ఫోను అతని ముక్కు దగ్గర పెట్టింది. కొవ్వూరు రేవులో పులసలు ఫోన్లోనే బుక్ చేసుకునే సైటు అది. పది గంటలకి సత్యకుమారి వాళ్ళ నాన్న త్రిమూర్తులు గారికీ, పడవల వాళ్ళకీ చూపించాలి. అది నడిస్తే ఆమె ఇక్కడే ఉండి చూసుకుంటుంది, లేదంటే సోమవారం హైదరాబాద్ ఉద్యోగంలో చేరిపోతుంది. సూర్యతేజకి వారం నుంచీ నిద్ర లేదు.

"నా కంప్యూటర్లో బానే వస్తోందండీ."

"అయితే పులస కావాల్సిన వాళ్ళందర్నీ మీ షాపు ముందు లైన్లో నిలబెట్టమంటారా?"

ఆమె కూడా కంప్యూటర్స్ చదివిందే. కుర్చీ లాక్కుని కోడ్ తెరిచింది.

"ఇదేంటి? క్యాచ్ బ్రాకెట్లోనే ఇఫ్ అని షరతు పెట్టారు?"

"ఏ తప్పో చూసి పట్టుకోడానికండి. నెట్ పోతే ఒక క్యాచ్, చేప అయిపోతే ఇంకోటి."

"ఈ బ్రౌజర్ ఏ కాలం నాటిది?"

సూర్యతేజ తల గోక్కున్నాడు. "ఎనిమిదేళ్ళ కిందటి ఫైర్‌ఫాక్స్. అప్‌డేట్ చేస్తే మా ప్రింటర్ మొరాయిస్తుందని..."

"ఈ రాత దానికొక్కదానికే తెలుసు. మిగతా బ్రౌజర్లు దీన్ని చూడగానే కోడ్ మొత్తం పక్కన పెట్టేస్తాయి. ఇఫ్ లేకుండా ఒక్క క్యాచ్ పెట్టండి. ఏ తప్పొచ్చినా ముందు లోపలికి రానివ్వండి, ఆ తర్వాత అడగండి ఎవరని."

అతను మార్చేశాడు. తొమ్మిదీ యాభై అయింది. సైటు మళ్ళీ తెరవడానికి ఆమె బొటనవేలు ఫోను మీదికి వెళ్ళింది.

"ఆగండి!" అన్నాడు సూర్యతేజ. సైటు నడిస్తేనే చెబుదామని ఇన్నాళ్ళూ దాచుకున్నాడు. ఆ షరతు ఇప్పుడు తనకే సిగ్గుగా అనిపించింది. "ఇది నడిచినా, నడవకపోయినా... మీరు హైదరాబాద్ వెళ్ళినా సరే... మీరంటే నాకు ఇష్టమండి."

సత్యకుమారి ఫోను వైపు చూడలేదు. చూరు నుంచి ధార కట్టిన వాన వైపు చూసింది. చెవులు ఎర్రబడ్డాయి.

"ఈ మాట చెప్పడానికి ఇన్ని ఇఫ్‌లు అవసరమా అండీ?"

అప్పుడు నొక్కింది. తెర మీద పడవలు, పులసలు వరసగా వచ్చేశాయి.

గొడుగుతో గుమ్మంలోకి వచ్చిన త్రిమూర్తులు గారు, "ఏమ్మా, పనిచేస్తోందా?" అన్నారు.

"చేస్తోంది నాన్నా," అంది సత్యకుమారి. "కానీ చెయ్యకపోయినా నేను హైదరాబాద్ వెళ్ళనని ఇప్పుడే అనుకున్నాను."

త్రిమూర్తులు గారు కూతుర్ని చూశారు, సూర్యతేజని చూశారు. గొడుగు మడిచి, తనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"అలాగైతే మొదటి పులస ఈ అబ్బాయి ఇంటికే రాయమ్మా. వండేటప్పుడు మనం కూడా వెళ్దాం."