అమ్మ ముఖం మీది మాస్కు

పొద్దున్న ఏడింటికి పాలు పొంగబోతుంటే పొయ్యి కట్టేసి, కూతురు వెనక్కి తిరిగింది. వంటింటి బల్ల దగ్గర నాన్న కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, కాగితం మీద ఒత్తి ఒత్తి రాస్తున్నాడు. మూడు రోజులుగా ఆయన ఆమెతో మాట్లాడలేదు. ఏం కావాలన్నా అమ్మకే చెబుతున్నాడు.

"ఏం రాస్తున్నావు నాన్నా?"

"మీ కంపెనీకి ఫిర్యాదు." ఆయన గొంతు సవరించుకుని చదివాడు. "మీ ఉద్యోగిని ఒకామె, ఊపిరాడక కొట్టుకుంటున్న నా భార్య ముఖం మీంచి ఆక్సిజన్ మాస్కు తీసేసి, ముక్కూ మొహం తెలియనివాడికి పెట్టింది. ఆమెను పనిలోంచి తీసేయవలసిందిగా కోరుతున్నాను."

"సొంత కూతురని రాయలేదే?"

"రాయడానికి సిగ్గేసింది."

"ఏమండీ, పొద్దున్నే మొదలెట్టకండి," అంది ఎదురుగా శాలువా కప్పుకుని కూర్చున్న అమ్మ.

కూతురు విమానంలో సిబ్బందికి పెద్ద. కూతురు పనిచేస్తుంటే ఒక్కసారైనా చూడాలని అమ్మ ముచ్చటపడి, నాన్నతో కలిసి మొదటిసారి విమానం ఎక్కింది. గంట గడిచాక ఆవిడకి ఆయాసం వచ్చింది. కూతురు సిలిండరు తెచ్చి మాస్కు పెట్టింది. అంతలో ఆరో వరుసలో ఒకాయన గుండె పట్టుకుని కూలబడ్డాడు. ప్రయాణికుల్లో ఉన్న డాక్టరమ్మ పరుగెత్తుకొచ్చింది. ఆయనకి పెట్టిన సిలిండరు అయిపోవచ్చింది. ఆ చిన్న విమానంలో ఉన్నవి రెండే. డాక్టరమ్మ అమ్మ దగ్గరికొచ్చి, "ఈవిడకి ఇదివరకు ఏమైనా జబ్బు ఉందా?" అని అడిగింది. "లేదండీ, విమానమంటే భయం, అంతే," అంది కూతురు. "అయితే ఇది అటు ఇవ్వండి," అంది డాక్టరమ్మ. పైలట్‌కి దగ్గర్లోని విమానాశ్రయంలో విమానం దింపడానికి ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. కూతురు విమానం వదిలి రావడానికి వీల్లేక, అమ్మ వెంట ఆస్పత్రికి నాన్నే వెళ్ళాడు.

"నీ ఫిర్యాదుతో పాటు నా రిపోర్టు కూడా పంపు," అంటూ కూతురు సంచిలోంచి కాగితం తీసి బల్లమీద కొట్టింది. "విను. 'రోగికి పాత జబ్బులు: లేవు. పక్కన కూర్చున్న భర్త సమక్షంలోనే అడిగాము.' తప్పేమైనా ఉందా?"

అమ్మ చేతిలోని గ్లాసు ఠక్కున కింద పెట్టింది.

"ఏమండీ! డాక్టరమ్మ అడిగిందా? మీరు చెప్పలేదా?"

"నువ్వే కదా చెప్పొద్దన్నావు!"

"విమానం ఎక్కేముందు చెప్పొద్దన్నాను. ఊపిరి పోతున్నప్పుడు కూడానా!"

"ఏం చెప్పాలి?" కూతురు అమ్మవైపు తిరిగింది. "అమ్మా, ఏంటది?"

కిందటి నెల కూతురు ఊళ్ళో లేనప్పుడు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి, అమ్మ నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉంది. రెండు నెలల దాకా విమానం ఎక్కొద్దన్నారు. కూతురికి తెలిస్తే ప్రయాణం ఆపేస్తుందని ఇద్దరూ కూడబలుక్కుని దాచారు.

"టికెట్టు లేదని సొంత తమ్ముణ్ణి నడిరోడ్డు మీద బస్సు దింపేసిన కండక్టరువి నువ్వు!" కూతురు అరిచింది. "అలాంటివాడివి, నేను మాస్కు తీస్తుంటే నిజం చెప్పకుండా చూస్తూ కూర్చున్నావు. మూడు రోజులుగా ఈ చేత్తో ముద్ద నోట్లో పెట్టుకోలేకపోతున్నాను. పైగా నామీదే ఫిర్యాదా?"

"అందరిముందూ అబద్ధం బయటపడుతుందని నోరు పెగల్లేదే." ఆయన కళ్ళజోడు తీసేశాడు. "ఆస్పత్రిలో డాక్టరు నన్ను చెడామడా తిట్టాడు. ఆ కోపమంతా నీమీద కక్కాను."

అమ్మ కళ్ళు మూసుకుంది. దేవుడు ఆ పూట తననీ, ఆ పరాయి మనిషినీ కాపాడాడు. అబద్ధాన్ని కూడా క్షమించాడా అన్నది ఆవిడకి అర్థం కాలేదు.

నాన్న ఫిర్యాదు కాగితం మడిచి పక్కన పెట్టి అడిగాడు. "ఆ ఆరో వరుసాయన ఎలా ఉన్నాడు?"

మూడు రోజుల్లో ఆ మనిషి గురించి అడగడం అదే మొదలు.

"లేచి కూర్చున్నాడట. నిన్న వాళ్ళావిడ ఫోన్ చేసి ఏడ్చింది. ఆ రెండో సిలిండరు ఎవరి దగ్గర తీశారమ్మా, వాళ్ళకి దణ్ణం పెట్టుకోవాలి అంది."

"నువ్వేం చెప్పావు?"

"మా అమ్మ దగ్గర అని చెప్పాను."

నాన్న ముఖం కండువాలో దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఎంత కోపమున్నా కూతురు ఆ ఏడుపు చూడలేకపోయింది. వెళ్ళి పక్కన కూర్చుంది. ఆయన ఆమె కుడిచెయ్యి అందుకుని, కళ్ళకద్దుకున్నాడు.

"వదులు నాన్నా," అంది గాని, చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.