ఐదో సీటు

చాంద్బీ లెక్క తప్పదని ఉదయగిరిలో ఎవరినడిగినా చెప్తారు.

కొండ కింద ఆమె వీధిలో అందరూ చెంచాలు, గరిటెలు చెక్కేవాళ్లే. నర్ది కర్ర తెచ్చి, బాడిశతో చెక్కి, ఆకురాయితో నున్నగా రుద్ది, డజన్ల చొప్పున కట్టలు కట్టి నెల్లూరు బస్సుకు వేస్తారు. కట్టలు కట్టేటప్పుడు ఒక పద్ధతుంది. ఒంటి నోటితో లెక్కపెట్టకూడదు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చోవాలి. ఒకరు చెంచా వేసి 'ఏక్' అంటే, ఎదుటివాళ్లు ఇంకోటి వేసి 'దో' అనాలి. మళ్లీ మొదటివాళ్లు 'తీన్'. ఒక్కరే లెక్కపెడితే మధ్యలో సైతాను చెయ్యి పెడతాడని చాంద్బీ వాళ్ల అవ్వ చెప్పేది. సైతాను సంగతేమో గానీ ఆ వీధి కట్టల్లో ఒక్క చెంచా తక్కువైందని ఏ షావుకారూ ఏనాడూ నోరెత్తలేదు.

చాంద్బీ ఏడేళ్ల వయసు నుంచీ బేసి అంకెల వైపే. సరి అంకె చెవిన పడితే చాలు, తర్వాతది ఆమె నోట్లోంచి దానంతటదే వచ్చేస్తుంది. కూర తిరగమోత పెడుతుంటే కిటికీ దగ్గర నుంచి ఎవరైనా కొంటెగా 'ఆఠ్' అని అరిస్తే, 'నౌ' అనేసి, ఆ తర్వాత గరిటె పట్టుకుని వీధిలోకొచ్చి వాళ్ల ఏడు తరాల్నీ దులిపేది. నవ్వేవాళ్లు నవ్వేవాళ్లే, తిట్టేది తిట్టేదే.

సరి అంకెల వైపు ఆమె మొగుడు కూర్చునేవాడు. మిలిటరీ దస్తగిరి. డెబ్బై ఎనిమిదిలో పింఛను తీసుకుని వచ్చేశాడు. మిలిటరీ అంటే తుపాకీ పట్టినవాడు కాదు, విమానంలో ఇంజను చూసేవాడు. మంచు కొండల్లో ఉండే జవాన్లకు పెట్రోలు, కిరసనాయిలు మోసే విమానమది. ఎగిరే ట్యాంకరు లారీ అనుకోండి. లోపల ట్యాంకులు పోను ఐదే సీట్లు. విమానం నడిపేవాళ్లు ఇద్దరు, దారి చూసేవాడొకడు, రేడియో మనిషొకడు, ఇంజను మనిషొకడు. నాలుగో సీటు రేడియో మనిషి జనార్దనయ్యది. అతనిది ఆత్మకూరు. ఇద్దరూ ఒకేరోజు పేరిచ్చి, ఒకే రైలెక్కి పోయినవాళ్లు. ఐదో సీటు దస్తగిరిది.

ఆ విమానం సంగతులు దస్తగిరి చెంచాలు రుద్దుతూ చెప్పేవాడు. మధ్యాహ్నమైతే కొండల్లో గాలి లేస్తుంది కాబట్టి తెల్లవారుజామునే బయలుదేరాలి. ముందు పైలట్ చేతిలో కాగితం పట్టుకుని ఒక్కోటీ చదువుతాడు, వెనక ఇంజను మనిషీ రేడియో మనిషీ చూసి జవాబు చెప్పాలి. చదివినవాడే జవాబు చెప్పుకోకూడదు. కొత్త మనిషొస్తే మళ్లీ మొదటి నుంచీ చదవాలి. అన్నీ అయ్యాక సీట్ల లెక్క. పైలట్ 'ఏక్' అంటాడు, పక్కవాడు 'దో', అలా వెనక్కి. దస్తగిరి 'పాంచ్' అనగానే తలుపు పడుతుంది.

"ఓస్, మన చెంచాల లెక్కే గదా!" అని చాంద్బీ నవ్వింది. దస్తగిరి నవ్వలేదు. ఎందుకు నవ్వలేదో నాలుగేళ్ల దాకా ఆమెకు తెలియలేదు.

ఎనభై రెండులో, ఉగాది వెళ్లిన వారానికి పాత స్నేహితుడెవరో ఉత్తరం రాశాడు. దస్తగిరి చదివి, మడిచి, పొయ్యిలో పెట్టి, కాలిందాకా అక్కడే నిలబడ్డాడు.

"ఏందయ్యా అది? ఎవరికేమైంది?" అంది చాంద్బీ.

"మా విమానం దొరికిందంట."

ఆరోజు చెప్పాడు మొత్తం. డెబ్బై ఆరు శీతాకాలంలో పైనుంచి ఒక కాగితం వచ్చింది. ఐదుగురెందుకు, ముగ్గురు చాలన్నారు. నాలుగో సీటూ ఐదో సీటూ ఖాళీ. ఆ ట్రిప్పులకు కొత్త పైలట్ వచ్చాడు. ఆ కొండల మీద చేతివేళ్ల మీద లెక్కపెట్టేన్నిసార్లు కూడా ఎగిరినవాడు కాదు. ముందురోజు సాయంత్రం వీళ్ల బ్యారక్‌కు వచ్చి నిలబడ్డాడు. ఆఫీసరై ఉండి చేతులు పట్టుకున్నాడు.

"భాయ్, ఈ ఒక్క ట్రిప్పుకు మీరిద్దరూ రండి. అడిగితే పంపిస్తామన్నారు. లిస్టు చదివితే జవాబు చెప్పేవాళ్లు లేరు" అన్నాడట.

వెళ్లొచ్చు. వెళ్లడానికి అడ్డమేమీ లేదు. కానీ ఇద్దరికీ సెలవు దొరికింది, పొద్దున్నే రైలు. దస్తగిరి జేబులో చాంద్బీ రాసిన జాబుంది. 'ఈసారి దర్గా గంధం ఉరుసుకు రాకపోతే నా మొహం చూడబాక' అని రాసింది. మూడేళ్లుగా మొగుణ్ణి చూడని మనిషి అలా రాయక ఎలా రాస్తుంది!

"నేనేమన్నానో తెలుసా చాందూ? 'చదివేదీ మీరే, జవాబు చెప్పుకునేదీ మీరే సార్, ఎవరొచ్చి చూడబోతారు' అన్నాను. నవ్వుతా అన్నాను. జనార్దనం కూడా నవ్వినాడు."

ఆ ట్రిప్పుకు పోయిన విమానం తిరిగి రాలేదు. ఆరేళ్ల తర్వాత మంచు జారితే ఇప్పుడు బయటపడింది.

"ముగ్గురూ ఎవరి సీట్లో వాళ్లు కూర్చోనే ఉండారంట" అన్నాడు దస్తగిరి. పొయ్యిలో బూడిదను పుల్లతో కదుపుతూ, "ఖాళీ సీట్లు రెండూ... బెల్టులు బిగించి ఉండాయంట" అన్నాడు.

ఆ జాబు రాసిన చెయ్యి చాంద్బీదే.

నెల తిరిగేసరికి ఆత్మకూరు నుంచి కబురు. జనార్దనయ్య పోయాడు. మొగుడూ పెళ్లాం మొదటి బస్సుకే వెళ్లారు. బస్టాండు పక్క అతని రేడియో రిపేరు అంగడి తలుపులు మూసున్నాయి. ఇంట్లో చాప మీద పడుకోబెట్టారు. ఎండలు మండిపోతున్న రోజులు, ఈగ కూడా నీడ వెతుక్కునే వేళ. శవం చేతి వేళ్లు మాత్రం కొసల్లో నల్లగా, బిగుసుకుపోయి ఉన్నాయి. దస్తగిరి ఆ వేళ్లు చూసి గోడకు ఆనుకున్నాడు. ఆ నలుపు అతనికి తెలుసు. మంచులో చిక్కుకున్నవాళ్ల వేళ్లు అలా అవుతాయి.

జనార్దనయ్య భార్య రాఘవమ్మ చాంద్బీని పెరట్లోకి లాక్కెళ్లింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"నెల దినాలుగా ఇదే తంతు చెల్లీ. తెల్లారిజామున లేచి కూర్చుంటాడు. కళ్లు మూసే ఉంటాయి. ఎవరో అడుగుతున్నట్టు, ఈయన జవాబు చెప్తున్నట్టు. ఆన్ అంటాడు, చెక్ అంటాడు. రోజురోజుకీ ఎక్కువైంది. నిన్న జామున 'చార్' అన్నాడు. అంతే, పడుకున్నాడు. మళ్లా లేవలా."

చాంద్బీ నోట్లో 'పాంచ్' మెదిలింది. పళ్లు బిగించి మింగేసింది.

ఆ మర్నాడు తెల్లవారుజామున దస్తగిరి మంచం కిర్రుమంది.

లేచి కూర్చున్నాడు. వీపు నిటారుగా. కళ్లు మూసే ఉన్నాయి.

"ఆన్" అన్నాడు.

కుదిపింది. చెంపలు కొట్టింది. ఉలిక్కిపడి లేచి, "ఏందే?" అన్నాడు. ఏమీ గుర్తులేదు. మర్నాడు రెండు జవాబులు. ఆ మర్నాడు ఐదారు. కుదిపితే లేస్తాడు, కానీ మర్నాడు వదిలిన చోటు నుంచే అందుకుంటాడు. వారం గడిచేసరికి గదిలో కిరసనాయిలు వాసన మొదలైంది. దీపాలన్నీ వీధిలో పెట్టించింది, వాసన పోలేదు. ఆ వాసనతోపాటు నేలబారున చలి వచ్చేది. రోహిణి కార్తె ముంగిట్లో, జనం వాకిళ్లలో నీళ్లు చల్లుకుని పడుకునే రోజుల్లో, చాంద్బీ దుప్పటి కప్పుకుని పళ్లు కొరుక్కుంటూ కూర్చునేది.

ఏ.ఎస్.పేట దర్గాకు తీసుకెళ్లింది. మూడు రాత్రులు నిద్ర చేశారు. మూడు తెల్లవారుజాములూ ఆయన పసిబిడ్డలా నిద్రపోయాడు. చాంద్బీ చేతులెత్తి మొక్కింది.

"ఇక్కడే ఉండిపోదామయ్యా. చెంచాలు ఇక్కడైనా చెక్కుకోవచ్చు. నీకు పుణ్యముంటుంది, వినుకో" అని కాళ్లు పట్టుకుంది.

"ఎన్నాళ్లు దాక్కుంటాను చాందూ? ఒకసారి పిలిస్తే పోకుండా తప్పించుకుని వచ్చినానుగా" అన్నాడు దస్తగిరి. బస్సెక్కేశాడు. ఇల్లు చేరిన మర్నాడు తెల్లవారుజామున, ఆగిన చోటు నుంచే మొదలైంది. ఈసారి ఎంత కుదిపినా లేవలేదు.

చాంద్బీ ఒకటే తీర్మానించుకుంది. ఆ ఒక్క అంకె ఆయన నోట్లోంచి రానివ్వకూడదు. మిగతావి ఏమైనా చెప్పుకోనీ, 'పాంచ్' మాత్రం రాకూడదు. రాకపోతే తలుపు పడదు. తలుపు పడకపోతే విమానం కదలదు. కదలకపోతే తన మొగుడు తన దగ్గరే ఉంటాడు.

ఇరవయ్యో రోజు. కోడింకా కూయలేదు.

మంచం కిర్రుమంది. చాంద్బీ అప్పటికే ఆయన వెనక కూర్చుని ఉంది. ఎడమ చెయ్యి ఆయన ఛాతీ చుట్టూ వేసి బిగించింది. కుడి అరచెయ్యి ఆయన నోటి మీద పెట్టింది. ఆయన పెదాలు మంచుముక్కల్లా ఉన్నాయి. అరచేతి కింద అవి కదులుతున్నాయి... ఆన్... చెక్... మూసి ఉంది... చెక్...

వాసన గొంతులో దిగింది. ఇంటి చూరు ఎక్కడో సన్నగా వణకడం మొదలుపెట్టింది. దూరంగా ఇంజను తిరుగుతున్నట్టు.

ఆ పొద్దు మొదటిసారి ఆమెకు అవతలి గొంతు వినిపించింది.

"ఏక్."

చిన్నవాడి గొంతు. భయపడుతున్నవాడి గొంతు. కోపం లేదు అందులో. అదే ఆమెకు ఎక్కువ దడ పుట్టించింది.

"దో."

"తీన్."

ఒక్కోటీ ఒక్కో గొంతు. ఒక్కోటీ ఇంకాస్త దగ్గర.

దస్తగిరి ఒళ్లు బిర్ర బిగిసింది. నోరు తెరవబోయాడు. చాంద్బీ ఉన్న బలమంతా పెట్టి నొక్కింది. యా అల్లా... యా అల్లా... ఈ ఒక్క క్షణం...

"చార్."

ఇది తెలిసిన గొంతు. నోట్లో తమలపాకుతో మాట్లాడే మనిషి గొంతు. ఎన్నోసార్లు ఇదే ఇంట్లో కూర్చుని 'చెల్లెమ్మా, ఇంకో ముద్ద' అన్న గొంతు. జనార్దనయ్య.

ఎవరూ పలకలేదు. చూరు వణుకుతోంది. అరచేతి కింద మొగుడి పెదాలు కొట్టుకుంటున్నాయి. వదల్లేదు.

"చార్" అన్నాడు జనార్దనయ్య మళ్లీ. ఓపికగా. ఎదురుగా కూర్చుని చెంచా వేసినట్టుగా.

"పాంచ్" అంది చాంద్బీ.

అనేసింది. అనాలని అనలేదు. ముప్పై ఏళ్ల అలవాటు అనేసింది. మొగుడి నోరు మూయడానికి చెయ్యి పెట్టింది గానీ, తన నోరు మూసుకోవాలని తట్టలేదు పిచ్చి తల్లికి.

చూరు వణుకు ఆగిపోయింది.

తలుపు పడలేదు. అంతా నిశ్శబ్దం... ముందు సీట్లో కూర్చున్నవాడు మెడ తిప్పి వెనక్కి చూస్తే ఎంతసేపు పడుతుందో, అంతసేపు.

తర్వాత వాసన పోయింది. చలి పోయింది. పక్కింట్లో కోడి కూసింది.

దస్తగిరి కళ్లు తెరిచి, ఆమె చేతిని పక్కకు నెట్టి, "ఊపిరాడక చంపుతావా ఏందే!" అన్నాడు. చాంద్బీ పకపకా నవ్వింది, ఆ నవ్వులోనే భోరుమంది. ఆయన్ని అలా పట్టుకుని తెల్లారేదాకా కూర్చుంది. తను పలికిన సంగతి మాత్రం చెప్పలేదు. చెప్తే నిజమైపోతుందేమోనని భయం.

మూడు తెల్లవారుజాములు ఏమీ లేదు. దస్తగిరి గురకపెట్టి నిద్రపోయాడు. చెంపలకు రంగొచ్చింది. ఆకలంటున్నాడు, పాత జోకులేస్తున్నాడు. మూడోనాడు మధ్యాహ్నం ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఆరు కట్టలు కట్టారు. ఆమె 'ఏక్', ఆయన 'దో'. గండం గడిచిందనే అనుకుంది చాంద్బీ. దర్గాకు చాదర్ మొక్కుకుంది కూడా.

నాలుగోనాడు తెల్లవారుజామున ఆమెకు ఊపిరాడలేదు.

కళ్లు తెరిచింది. తను మంచం మీద నిటారుగా కూర్చుని ఉంది. వెనక నుంచి ఎవరో గట్టిగా పట్టుకున్నారు. నోటి మీద అరచెయ్యి. ఆకురాయి పట్టి కాయలు కాసిన అరచెయ్యి... దస్తగిరిది. ఆయన వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

"ఎవరికి చాందూ? ఎవరికి జవాబు చెప్తుండావు? 'ఆన్' అన్నావే! ఎవరు చెప్పమన్నారే నిన్ను?"

ఆమెకు అప్పుడర్థమైంది. కొత్త మనిషొస్తే మళ్లీ మొదటి నుంచీ చదవాలి.

దస్తగిరి ఆమెను వదిలి గది మధ్యకు వెళ్లి నిలబడ్డాడు. చూరు వైపు చూసి, సెల్యూట్ కొట్టి, "పాంచ్ సార్! నేనిక్కడుండాను సార్! దానికేం తెలీదు సార్, పాంచ్... పాంచ్..." అని అరిచాడు. గొంతు పోయేదాకా అరిచాడు. ఇరుగుపొరుగు లాంతర్లు పట్టుకుని వచ్చారు. పైనుంచి ఎవరూ పలకలేదు. వాళ్లకు ఆ సీటు నిండింది.

మస్తాన్బీ అని పక్కింటావిడ, పాపం, చాంద్బీకి ధైర్యం చెబుదామని దగ్గరకొచ్చి పక్కన కూర్చుంది. చెయ్యి వేసి, చటుక్కున తీసేసింది. లాంతరు దగ్గరకు పెట్టి చూసింది.

చాంద్బీ ఒడి మీదుగా, ఈ పక్క నుంచి ఆ పక్కకు, నాలుగు వేళ్ల వెడల్పున, బిగించిన బెల్టులా చీర తడిసి ఉంది. రోహిణి కార్తె వేడికి ఇల్లంతా కుంపటిలా ఉంటే, ఆ పట్టీ మీద మాత్రం తెల్లగా మంచు పట్టి ఉంది. చాంద్బీ లేవబోయింది. లేవలేకపోయింది.