సోర్సు నడవదు

చర్ల దాటినంక, అడవి మొదలైతున్న కాడ పాత కలప డిపో ఒకటున్నది. దానికి మంచి పేరు లేదు.

టేకు దుంగలు ఎత్తుకపోయి ఇరవై ఏండ్లు దాటింది. మిగిలింది ఒక రేకుల కొట్టం, దాని పక్కన తడికెల గది... అంతే. చీకటి పడ్డంక ఆ దారిన పొయ్యే ఆటోలు హారన్ కొట్టవు. కూలికి పోయొచ్చే ఆడోళ్లు ఆడికి రాంగనే మాట బంద్ చేస్తరు. క్యాంపు పోలీసోళ్లు, తుపాకులున్నోళ్లు, వాళ్లు గూడ ఆడ బండి ఆపరు.

పాత ముచ్చట్లు ఎన్నో ఉన్నయ్ గని, ఈ మధ్య ఎనిమిది రాత్రుల సంది కొత్తది షురువైంది. లోపల్నుంచి ఆడగొంతు వినబడతది. ఏడువదు, నవ్వదు. ఒకటే మాట అంటది...

"దగ్గరికి రాకు."

దెయ్యమంటే రమ్మని పిలవాలె గదా. ఇది రావద్దంటది. గందుకే జనానికి ఇంకింత భయం.

ఈ ముచ్చట విని నవ్వినోడు ఒక్కడే, పవన్. వాడు అణు ఇంజనీరు.

అణు ఇంజనీరంటే ఏందని అడగకుండ్రి. ఖమ్మంల, ఖానాపురం హవేలిల వాళ్ల గల్లీ మొత్తం అడిగి అడిగి అలిసిపోయింది.

"బాంబులు చేస్తవా బిడ్డా?"

"కాదు పెద్దమ్మా."

"మరి కరెంటు చేస్తవా?"

"అవ్, చెయ్యొచ్చు."

"ఐతే మా బోరు మోటరు కాలింది, వచ్చి చూడరాదు."

గట్ల ఉండె వాని బతుకు. గల్లీ పోరగాండ్లు ఆటంబాంబు అని పేరు పెట్టిండ్రు. పేలని బాంబు అని ఎనక ఇంకో మాట అనెటోళ్లు. రియాక్టరు లోపల ఏమైతదో తెల్లారేదాక చెప్తడు. నౌకరి ఏదిరా అంటే నీళ్లు తాగొస్తనని లేస్తడు.

చివరికి ఒక కన్సల్టెన్సీల మూడు నెలల కాంట్రాక్టు దొరికింది. ఏడనన్నా పెద్ద ప్లాంటు పెట్టాలంటే, ముందుగాల ఆ చుట్టుపక్కల నేలల, గాలిల రేడియేషన్ ఎంతున్నదో కొలిచి రాయాలె. అన్ని ఊర్లల్ల కొద్దిగ ఉంటది, ఎవ్వరికి ఏం గాదు. అదెంతనో రాసుడే పని. ఇరవై జాగలు. పొద్దుగాల ఒకసారి, చీకటి పడ్డంక ఒకసారి. నేలలకెల్లి వచ్చే రేడాన్ అనే గాలి రాత్రిపూట కిందనే పేరుకుంటది, అందుకని.

పంతొమ్మిది అయినయ్. ఇరవయ్యోది డిపో. రేపటితోని మూడు నెలలు ఒడుస్తయ్. ఈ రిపోర్టు మంచిగొస్తే పర్మనెంటు చేస్తనన్నడు వెంకటరామారావు సార్. సార్ ముప్పై ఏండ్లు రియాక్టర్ల కాడ పనిచేసి రిటైరైన మనిషి. ఎవ్వర్ని మెచ్చడు. పవన్‌నైతే అసలే మెచ్చడు.

ఆ రోజు పొద్దుగాల పవన్ గేటు కాడనే నిలబడి కొలిచి, లోపలికి పోకుండనే ఎల్లిపోయిండు. పొద్దుమూకినంక వీరన్న ఆటో మాట్లాడుకొని మళ్లొచ్చిండు. రేడియేషన్ కొలిచే మిషన్ ఒళ్లో పెట్టుకొని ఫారం తీసిండు. అందుల మొదటి ప్రశ్న ఆ జాగల ఎవరన్నా ఉంటున్నరా అని.

"అన్నా, డిపోల ఎవరన్నా ఉంటరా?"

"ఉంటది," అన్నడు వీరన్న.

"ఎవరు?"

"పేరు తెల్వదు. మనిషైతే కాదు."

పవన్ నవ్విండు. ఫారంల 'ఎవరూ లేరు' అని రాసిండు.

వీరన్న అద్దంల చూసిండు. "రాసుకో, రాసుకో. మీ పుస్తకాలల్ల లేదు గదా అది."

"లేనిదాన్ని ఎట్ల రాస్తరన్నా పుస్తకాలల్ల."

"మరి మీరు చెప్పే రేడియేషను? అదేమన్నా కనబడతదా?"

"కనబడదు గని ఉంటది. కొలవొచ్చు."

"మాది గూడ గంతే. కొలిచే మిషనే లేదు." వీరన్న కల్వర్టు కాడ ఆటో ఆపిండు. "నేను ఈడ్నే ఉంటా. ఇంజను బంద్ చెయ్యను. జల్దీ రా."

కల్వర్టు కాడికెల్లి డిపో రెండు వందల అడుగులు. పవన్ సెల్లు లైటు ఏసుకొని నడిచిండు. ఎండుటాకులు కాళ్ల కింద పటపటమంటున్నయ్. మిషన్ అప్పుడొకటి అప్పుడొకటి టిక్కుమంటున్నది. అంకె సున్నా పాయింటు ఒకటి రెండు. మామూలే. ఈ జిల్లాల ఏడ చూసినా గంతే.

కొట్టం దాటిండు. తడికెల గది కాడికి వచ్చిండు.

టిక్... టిక్ టిక్...

సున్నా పాయింటు మూడు.

ఆగిండు. మిషన్‌ను ఒకసారి కొట్టి చూసిండు. ఇంకో అడుగు ఏసిండు. సున్నా పాయింటు ఆరు. తడికె దగ్గరికి పట్టిండు.

ఒకటి పాయింటు నాలుగు.

టిక్కుటిక్కుమని ఆగకుండ కొట్టుకుంటున్నది మిషన్. పన్నెండింతలు. నేల అంత ఇయ్యదు, గాలి అంత ఇయ్యదు. తడికె అవతల ఏదో ఉన్నది.

భయపడాలె. వాడు భయపడలే. సంబరపడ్డడు.

ఒక్క ఉరుకుల కల్వర్టు కాడికి వచ్చి పడ్డడు, ఆడ్నే ఒక గీత సిగ్నల్ ఉంటది. సార్‌కు ఫోన్ కలిపిండు.

"సార్... సోర్స్ దొరికింది సార్. ఎవడో పడేసిపోయిండు."

సోర్సంటే రేడియేషన్ ఇచ్చే ముక్క. పైపుల వెల్డింగు చూసేతందుకు వాడేది చిటికెన వేలంత ఉంటది. అట్లాంటిది పోయిందంటే ఊర్లు ఖాళీ చేయించాలె.

"నోటికొచ్చిన మాట కాదది పవన్," అన్నడు సార్. "కంటితో చూశావా?"

"మిషన్ చూసింది సార్. వన్ పాయింట్ ఫోర్."

"చుట్టూ తిరిగి మూడు వైపులా కొలిచావా?"

"...కొలుస్త సార్."

"కొలవకుండానే ఫోన్ చేశావన్నమాట. సరే. ఇది విన్నాక నేను ఊరుకోవడానికి లేదు, పైకి చెప్పాలి. టీమ్ బయల్దేరుతుంది. పావుగంటలో కన్ఫర్మ్ చేసి చెప్పు. తప్పయిందా... రేపు నీతో మాట్లాడే పనే ఉండదు నాకు."

వీరన్న ఆటోలకెల్లి తొంగి చూసిండు. "ఏందిరా, కనబడ్డదా?"

"నీ దెయ్యం కాదన్నా. నా నౌకరి కనబడ్డది."

మళ్ల పోయిండు. పొయ్యేటప్పుడు మనసుల పేపరు కనబడుతున్నది, అందుల వాని ఫోటో. ఖానాపురం హవేలి గల్లీల ఒక్కొక్కడు వచ్చి చెయ్యి కలుపుతున్నడు. తడికె కాడికి వచ్చి మిషన్ పట్టిండు.

సున్నా పాయింటు ఒకటి రెండు.

మళ్ల పట్టిండు. పైన పట్టిండు, కింద పట్టిండు. తడికె సందుల పెట్టి చూసిండు. ఏం లేదు. మామూలు నేల, మామూలు గాలి. ఇందాక ఉన్నది... ఇప్పుడు లేదు.

సోర్సు నడవదు. అది లోహపు ముక్క. పెట్టిన కాడ వెయ్యేండ్లైనా పడుంటది గని కాళ్లొచ్చి పోదు. వాడు సదివిన ఏ పుస్తకంల అది లేదు.

చెమట పట్టింది. లైటు ఆరిపోయింది... సెల్లుల చార్జింగు లేక కాదు, సెల్లు జారబోతే పట్టుకోబోయి వాడే నొక్కిండు. చీకట్ల మిషన్ మీద పాయింటు తర్వాతి అంకెలు ఒక్కటే పచ్చగ మెరుస్తున్నయ్.

ఒకటి రెండు.

వాడు కదలలే. ఊపిరి గూడ పీల్చలే.

రెండు.

టిక్... టిక్ టిక్...

నాలుగు.

నేను కదలట్లే. మరి అంకె ఎందుకు పెరుగుతున్నది?

తొమ్మిది.

ఏదో వస్తున్నది. ఎనకకెల్లి. ఎండుటాకు ఒకటి పటుక్కుమన్నది... ఆగింది. మళ్ల ఒకటి...

అప్పుడు వినబడ్డది ఆ గొంతు. మెల్లగ, అలిసిపోయినట్టు.

"దగ్గరికి రాకు..."

గంతే. అణు ఇంజనీరు లేడు. మిషన్ ఏడనో పడ్డది, చెప్పు ఒకటి ఏడనో పడ్డది. మీసాలు మొలిచినంక మొదటిసారి అమ్మా అని కేకేసుకుంట ఉరికిండు. కల్వర్టు ఇంక అరవై అడుగులున్నదనంగ కాలువ గుంతల బొక్కబోర్లా పడ్డడు.

ఎనకకెల్లి చిన్న సోలారు లైటు ఎలిగింది. నాలుగు మూరల దూరంల ఆగిపోయింది.

"కాలిరిగిందా?"

పవన్ తలెత్తిండు. యాభై ఏండ్ల మనిషి. తలకు తుండుగుడ్డ. ఒక చేతుల లైటు, ఇంకో చేతుల వాని మిషన్.

"ఇగో, నీ డబ్బా. ఆడ పెడ్తున్న. నేను ఎనకకు జరిగినంక తీసుకో." మిషన్ కింద పెట్టి ఎనకకు జరిగింది. "ఇందాక వచ్చి తడికె గీకింది నువ్వేనా? ఎలుగుబంటి అనుకొని పెరట్లకు పోయి దాక్కున్న. పోయిందనుకొని మళ్లొస్తుంటే చీకట్ల నువ్వున్నవ్."

"నువ్వు... ఎవరు?"

"జంపక్కను. చింతచెట్ల అవతలి గుంపు మాది, ఓ ఇరవై ఇండ్లుంటయ్. దెయ్యాన్ని గాదు, లే."

పవన్ లెవ్వలే. చూపు మిషన్ మీదనే ఉన్నది. ఆమె జరిగిన కొద్ది అంకె దిగుతున్నది. పాయింటు తొమ్మిది... పాయింటు నాలుగు... పాయింటు రెండు.

"నీ ఒంట్ల..." అన్నడు.

"అవ్. గొంతు కాడ గ్రంథి ఎక్కువ పనిచేస్తున్నదని హైదరాబాద్ దవాఖానల గోలీ ఒకటి మింగిచ్చిండ్రు. సీసం డబ్బాల పెట్టి తెచ్చిండు ఆడి పిలగాడు ఒకడు. నువ్వు మింగు అని నా చేతుల పెట్టి, వాడు అవతలి రూముకు ఉరికిండు." ఆమె నవ్వింది. "నువ్వు గూడ వాళ్ల సదువే సదివినవా?"

పవన్ గుంతల్నే కూసొని మోకాలు తుడుచుకున్నడు.

"వేరే రూముల పండుకో అన్నరు. కడుపుతోని ఉన్నోళ్లకు దూరముండు అన్నరు. వేరే బాత్రూం వాడు అన్నరు. మాకున్నదే ఒక్క అర్ర బిడ్డా. కోడలికి ఏడో నెల. ఏడికి పోవాలె? ఈడికి ఎవ్వరు రారు గదా అని వచ్చిన. పొద్దుమూకంగ కొడుకు బువ్వ తెచ్చి బండ మీద పెట్టి పోతడు. వానికే అంటుంట రోజు, దగ్గరికి రాకు అని."

"గుంపుల చెప్పలేదా?"

"ఏమని చెప్పాలె? దెయ్యమంటే తప్పుకొని నడుస్తరు, వానలు పడితే మర్చిపోతరు. రేడియేషన్ అంటే మర్చిపోతరా? రేపు పుట్టేటోనికి గూడ ఆ పేరే పెడ్తరు. నేను దవాఖానల్నే ఉన్ననని చెప్పిండు నా కొడుకు."

పవన్‌కు ఏదో చెప్పాలనిపించింది. ఏం గాదు, భయం లేదు, ఎనిమిది...

"ఎనిమిది రోజులకు సగమైతదట," అన్నది జంపక్క. "దవాఖాన కార్డుల రాసిచ్చిండ్రు. ఇంకొక్క వారం ఉంటే కోడలి పక్కన కూసోవచ్చు. కొడుకు ఇంటికి తీస్కపోతే మా మూడో తరగతి మనమరాలు చదివి చెప్పింది."

సగమైతదన్న ఆ లైను వాడు నాలుగు ఎగ్జాములల్ల రాసిండు.

జేబుల ఫోను మోగింది. ఆడ గూడ సగం గీత సిగ్నల్ ఉన్నది.

"కన్ఫర్మేనా?" అన్నడు సార్.

"సోర్స్ కాదు సార్. పేషెంటు. రేడియో అయోడిన్ గోలీ ఇచ్చిండ్రంట. ఆమె అవతలికి పోతే ఈడ మామూలు రీడింగే ఉన్నది."

సార్ ఊపిరి వదిలినట్టు వినబడ్డది. ఆ తర్వాత గొంతు సల్లగైంది. "ఫారంలో మొదటి ప్రశ్నే అది. ఎవరైనా ఉంటున్నారా అని అడగలేదా?"

"అడిగిన సార్. ఉంటదన్నరు."

"మరి?"

"ఎవరూ లేరని రాసిన."

"ఆహా. ఇంజనీరువే." కాగితం తీసిన సప్పుడైంది. "టీమ్‌ని వెనక్కి పిలవాలంటే కారణం రాయాలి. పేరు, ఊరు, ఏ హాస్పిటల్, ఏ తారీఖు. చెప్పు."

ఫోనులకెల్లి సార్ గొంతు వినబడి, చీకట్ల జంపక్క అడ్డంగ తల ఊపింది. "మీ సర్వే కాగితం గ్రామసభల మైకు పెట్టి చదువుతరట గదా," అన్నది గుసగుసగ.

పవన్ ఫోను చెవికెల్లి తీసిండు. మళ్ల పెట్టుకున్నడు. ఒక్క పేరు. మూడు అక్షరాలు. చెప్తే తప్పు తన మీద ఉండదు, రేపు పర్మనెంటు.

"పవన్. పేరు."

"చెప్పను సార్."

"అయితే పేషెంటు అన్న మాటకు ఆధారం లేదు. అలారం తప్పు, ఇచ్చినవాడు అనర్హుడు అని రాసి వాపస్ తీసుకుంటాను. రాయమంటావా?"

"...రాయండి సార్."

లైను కట్టయింది.

జంపక్క లైటు వాని మొఖం దిక్కు తిప్పింది. "నౌకరి పోయిందా?"

"పోయింది."

"నా వల్లనా?"

"కాదు. కొలవకముందే ఫోన్ చేసిన, దాని వల్ల."

"ఐతే మంచిదే," అన్నది ఆమె. "కొలవకముందే ఉరికెటోళ్లకు గా పని ఇయ్యొద్దు." గట్లని, ఒక అడుగు ముందుకు రాబోయి, గుర్తొచ్చి మళ్ల ఎనకకే జరిగింది. లైటు ఆర్పింది. ఎండుటాకుల సప్పుడు దూరం పోయింది.

పవన్ మిషన్ తీసుకొని, ఒంటి చెప్పుతోని కుంటుకుంట కల్వర్టు కాడికి వచ్చిండు. మోకాళ్ల మీద నెత్తురు, అంగీ నిండ బురద. వీరన్న సీటు మీద బాసిపట్లేసుకొని కూసున్నడు. కేక వినబడ్డది వానికి, ఉరుకుడు వినబడ్డది. ఆ తర్వాతి మాటలు ఇంజను సప్పుడుల కలిసిపోయినయ్, ఆటో మాత్రం దిగలే.

"ఏముండెరా లోపల?"

డిపో దిక్కు చూసిండు పవన్. ఇంకొక్క వారం ఆ గది కాడికి ఎవ్వరు రావద్దు. వీరన్నకు ఒక్క మాట చెప్తే చాలు, పొద్దున సరికి చర్ల అంత తెలుస్తది.

"దెయ్యమే అన్నా," అన్నడు.

వీరన్న గేరు ఏసిండు. చెప్పలేని తృప్తి వాని మొఖంల. కొంచెం దూరం పోయినంక అద్దంల చూసి అడిగిండు.

"గిది తెలుసుకునేతందుకు ఎన్నేండ్లు సదివినవ్?"

"ఆరేండ్లన్నా."